చీకటి పడ్డాక చార్మినార్



వియత్నాంలో థు బొన్ నది ఒడ్డున హోయి ఆన్ అనే చిన్న పట్టణం ఉంది. ఈమధ్య మనవాళ్లు కూడా చాలామంది వెళ్లి వస్తున్నారు. వచ్చినవాళ్లు ముందుగా చెప్పేది ఆ ఊరి రాత్రి గురించే. వాళ్ల చాంద్రమాన లెక్కలో నెలకు ఒకసారి, 14వ తిథి రాత్రి, పాత పట్నంలో కరెంటు దీపాలు తీసేస్తారు. వెదురు చట్రానికి పట్టుగుడ్డ చుట్టిన లాంతర్లు ఇంటింటి ముందూ వెలుగుతాయి. వీధుల్లోకి బండ్లు రావు. జనం నడుస్తారు, నదిలో కాగితపు దీపాలు వదులుతారు. 1998లో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. మరుసటి ఏడాదే, 1999లో, యునెస్కో ఆ పట్నాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ చెక్కతో కట్టిన పైకప్పు ఉన్న ఒక వంతెన ఉంది. జపాన్ వర్తకులు కట్టించారని చెబుతారు. దాని పని 1593లో మొదలైందట.

1593 అనగానే హైదరాబాద్ వాళ్లకు మన చార్మినార్ గుర్తుకు రావాలి. అది 1591 నాటిది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టించిన కాలమూ, సముద్రాలు దాటొచ్చిన వర్తకులు హోయి ఆన్‌లో వంతెన కట్టుకున్న కాలమూ దాదాపు ఒకటే. అక్కడి రాత్రి చూడటానికి మనం విమానం ఎక్కుతున్నాం. ఇక్కడి రాత్రిని మాత్రం నగరంలో ఏళ్ల తరబడి ఉండి కూడా చూడనివాళ్లు మనలో ఎంతమందో ఉన్నారు. ఊరి నుంచి చుట్టాలొస్తే మిట్టమధ్యాహ్నం చార్మినార్ దగ్గరికి తీసుకెళ్లి, నాలుగు ఫొటోలు తీయించి, ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ తిరిగొస్తాం. ఈసారి దీపాలు పెట్టాక వెళ్లండి అని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఈ రెండు ఊళ్లకూ ఒక పెద్ద తేడా ఉంది. హోయి ఆన్ ఒకప్పుడు పెద్ద రేవు. చైనా నుంచి, జపాన్ నుంచి, యూరప్ నుంచి ఓడలు వచ్చి ఆగేవి. తర్వాత నది పూడిపోయింది. వ్యాపారం పక్కనే ఉన్న దా నాంగ్‌కు తరలిపోయింది. డబ్బు లేదు కాబట్టి పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టేవాళ్లు లేరు. వెయ్యికి పైగా చెక్క ఇళ్లు అలాగే నిలిచాయి. అంటే వ్యాపారం వెళ్లిపోబట్టి ఆ ఊరు మిగిలింది. మన పాతబస్తీ కథ దీనికి తిరగబడి ఉంటుంది. రాజ్యాలు మారాయి, రాజధాని హంగులన్నీ మూసీ దాటి ఉత్తరానికి పోయాయి, కోటగోడ దర్వాజాలు చాలావరకు కూలిపోయాయి. బజారు మాత్రం కదల్లేదు. వ్యాపారం వెళ్లకపోబట్టి పాతబస్తీ మిగిలింది. అందుకే ఇక్కడి రాత్రి అతిథుల కోసం అలంకరించింది కాదు, ఊరు తన పని తాను చేసుకుపోయే రాత్రి.

రాత్రిళ్లు మేలుకుని ఉండే ఈ అలవాటు కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దంలో మన నగరానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇక్కడి సాయంత్రాల గురించి రాశాడు. మేకతోలు తిత్తుల్లో కల్లు నింపి, గుర్రాల మీద వేసుకుని పరుగున తెచ్చేవారట. రోజుకు 500, 600 గుర్రాలు వంతెన దాటి ఊళ్లోకి వచ్చేవని, కల్లు మీద పన్నుతో రాజుకు బాగా ఆదాయం వచ్చేదని ఆయన రాశాడు. పొద్దు గూకి వాకిళ్లలో దీపాలు పెట్టాక ఆ దుకాణాలు తెరిచేవారు. ఆయన మెచ్చుకున్న ఆ వంతెనే మన పురానాపూల్. 1578లో కట్టింది. చార్మినార్ కన్నా 13 ఏళ్లు పెద్దది. ఇప్పటికీ దానిమీద రాత్రిళ్లు జనం తిరుగుతూనే ఉంటారు.

దీపాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మదీనా దగ్గర బాద్‌షాహీ అషూర్‌ఖానా ఉంది. కులీ కుతుబ్‌షాయే కట్టించాడు. ముహర్రం నెల మొదటి రాత్రి వెయ్యి దీపాలు, రెండో రాత్రి రెండు వేలు, అలా పెంచుకుంటూ పదో రాత్రికి పదివేల దీపాలు వెలిగించేవారని పాత చరిత్రలు చెబుతాయి. లోపల గోడలకు 1611లో పొదిగిన రంగురంగుల పింగాణీ పలకలు ఇవాళ్టికీ ఉన్నాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ పలకల మీద వేల దీపాల వెలుగు ఆడుతుంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. కింది భాగంలో కొన్నిచోట్ల పలకలు ఉండవు, వాటి బదులు రంగు వేసి ఉంటుంది. 1908 వరద చేసిన గాయం అది.

రాత్రి నడకకు ఎక్కడి నుంచి బయల్దేరాలి అని అడిగితే నేను నయాపూల్ అంటాను. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగితే దగ్గరే. వంతెన మీద ఒక్క నిమిషం ఆగండి. వెనక ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ముందు హైకోర్టు ఎర్రరాతి కమాన్లు. కింద మూసీ సన్నగా పారుతుంటుంది. 1908 సెప్టెంబరు 28న ఈ నదే ఊరి మీద పడింది. సుమారు 15 వేల మంది పోయారని అంచనా. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మనం ఇప్పుడు నడవబోయే పత్తర్‌గట్టీ వీధి ఆ మండలి కట్టించిందే. ఇరువైపులా ఒకే ఎత్తున రాతి కమాన్లు, కింద దుకాణాలు, పైన ఇళ్లు. పగలు బోర్డులూ బండ్లూ ఆ కమాన్లను కనబడనివ్వవు. రాత్రి దుకాణాలు ఒక్కొక్కటే షట్టర్లు దించుతుంటే తల పైకెత్తండి. రాయి కనిపిస్తుంది, వరుస తప్పని కమాన్లు కనిపిస్తాయి.

ఆ వీధిలో అత్తరు దుకాణాలుంటాయి. దుకాణదారు చిన్న గాజు కడ్డీతో మీ మణికట్టు మీద ఒక చుక్క రాసి, కాసేపు ఆగి వాసన చూడమంటాడు. తొందరపడితే ఒప్పుకోడు. ముత్యాల దుకాణాలుంటాయి. హైదరాబాద్‌లో ముత్యాలు పుట్టవు. ఒకప్పుడు బస్రా నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి. మన ఊరి గొప్పంతా పగలకుండా బెజ్జం వేయడంలో, నిగారింపును బట్టి ఏరడంలో, వరుస కుదిరేలా గుచ్చడంలో ఉంది.

ఇంకాస్త ముందుకు పోతే చార్‌కమాన్. నాలుగు వైపులా నాలుగు పెద్ద కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్. ఉత్తరం వైపు మచ్లీ కమాన్ కింది నుంచి లోపలికి వెళ్లి, దక్షిణం వైపు చార్మినార్ కమాన్ నుంచి బయటికి వస్తాం. కమాన్ చట్రంలో ముందు మినార్ల కొసలు, తర్వాత మొత్తం కట్టడం కనిపిస్తుంది. ఈ నగరానికి నక్షా గీసిన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ, నాలుగు దారులు కలిసేచోట చార్మినార్‌ను నిలబెట్టి ఊరిని నాలుగు భాగాలు చేశాడు. నడిచి వచ్చే మనిషి కళ్లకు ఆ ఆలోచన అందుతుంది. ఫ్లైఓవర్ మీంచి, కారు అద్దంలోంచి అందదు.

రాత్రి చార్మినార్ పైకి ఎక్కనివ్వరు, సాయంత్రానికే మూసేస్తారు. అందుకు బాధపడకండి. కింది నుంచి పడే దీపకాంతిలో పగలు కనబడనివి కనిపిస్తాయి. ఎండలో చార్మినార్ చదునుగా, ఒకటే పసుపు రంగులో ఉంటుంది. రాత్రి వెలుతురు ఏటవాలుగా పడి సున్నపు నగిషీలోని ప్రతి రేకూ నీడ విడిచి పైకి లేస్తుంది. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లున్న ఈ కట్టడమంతా రాయీ సున్నమూ. నాలుగు దిక్కులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. ఆ సున్నపు పని ఎంత సుకుమారమో 2019లో తెలిసింది. మే 1 రాత్రి ఒక మినారు నుంచి నగిషీ ముక్క ఊడి కింద పడింది. 400 ఏళ్లు దాటిన సున్నానికి పొగా కంపనాలూ మంచివి కావు. చార్మినార్ చుట్టూ బండ్లు రాకుండా చేయడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఇవాళ అక్కడ రాతిపలకల మీద పిల్లలు ఆడుకుంటున్నారంటే అది చిన్న విజయమేమీ కాదు.

పడమటికి తిరిగితే లాడ్ బజార్. తెలుగిళ్ల పెళ్లిళ్లకు లక్క గాజులు ఇక్కడి నుంచే వెళ్తాయి. దుకాణాల తళతళ చూసి అక్కడే ఆగిపోకండి. ఆ గాజు ఎలా తయారవుతుందో తెలుసుకుంటే దుకాణం వేరుగా కనిపిస్తుంది. బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న పనివాడు లక్క ముద్దను సెగ మీద మెత్తబరుస్తాడు. రాతి పలక మీద చెక్కతో దొర్లిస్తూ సన్నటి కడ్డీ చేస్తాడు. దానిమీద రంగు లక్క పూస్తాడు. వేడి ఆరకముందే వంచి, రెండు కొసలూ అతికి, శంకువులా ఉన్న చెక్క అచ్చుకు ఎక్కించి కొలత తెస్తాడు. రెండున్నాలుగా, రెండున్నారా అనేది అక్కడ తేలుతుంది. తర్వాత మళ్లీ కాస్త సెగ చూపించి, మెత్తబడిన లక్కలో అద్దం ముక్కలు, రాళ్లు, పూసలు ఒక్కొక్కటే పొదుగుతారు. సెగ ఎక్కువైతే లక్క కారిపోతుంది, తక్కువైతే రాయి నిలవదు. వేళ్ల కొసలకు బొబ్బలు ఈ పనిలో మామూలే. రాళ్లు పొదిగే పని చాలావరకు ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. దుకాణంలో మనం బేరమాడే జత వెనక కుంపటి సెగా, రాత్రి దీపం కింద వంగిన మెడలూ ఉన్నాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు లాభం కుంపటి దగ్గర కూర్చున్న మనిషికి చేరాలంటే కొనేవాళ్లు చేత్తో చేసిన గాజేదో, యంత్రం మీద పోసిన ప్లాస్టిక్ గాజేదో అడిగి తెలుసుకోవాలి. నకిలీకీ అసలుకూ ఒకే ధర కడితే అసలు చేసేవాడు పని మానేస్తాడు.

పాతబస్తీలో రాత్రి పూర్తిగా విప్పారేది రంజాన్ నెలలో. ఉదయం నుంచే ఇటుకల భట్టీల్లో పూడ్చిన పెద్ద దేగ్‌లలో హలీం ఉడుకుతుంటుంది. నానబెట్టిన గోధుమలు, మాంసం, పప్పులు, మసాలాలు, నెయ్యి. మధ్యాహ్నం దాటాక ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, పొడవాటి కర్ర ఘోట్నీలు పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు దంచుతారు. రోట్లో రెండు రోకళ్లతో వడ్లు దంచిన వాళ్లకు ఆ లయ వెంటనే అర్థమవుతుంది. గోధుమ ఏదో మాంసం ఏదో తెలియనంతగా కలిసిపోయేదాకా ఆ చేతులు ఆగవు. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు తెచ్చిపెట్టింది ఈ కష్టమే. ఇఫ్తార్‌తో రద్దీ మొదలవుతుంది. తరావీ నమాజులు అయ్యాక బజారంతా నిండిపోతుంది. ఖర్జూరం, సేమియా, టోపీలు, చెప్పులు, పిల్లల గౌన్లు. చివరి పది రోజులైతే సహరీ దాకా జనమే. నిద్రపోతున్న పసివాడిని భుజాన వేసుకుని తల్లులు బేరాలాడుతుంటారు. మన తెలుగు ఆడపడుచులు కూడా ఏటా ఆ రోజుల కోసం ఎదురుచూసి వెళ్తారు.

ఆషాఢంలో ఇదే వీధి మరో రూపం ఎత్తుతుంది. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాల మర్నాడు ఘటాల ఊరేగింపు ఉంటుంది. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద బయల్దేరుతుంది. గోల్కొండ చివరి సుల్తాను తానీషా దగ్గర మంత్రులుగా ఉన్న అన్నదమ్ములే ఆ అక్కన్న మాదన్నలు. పోతరాజులు, డప్పులు, ఫలహారం బండ్లు వెంటరాగా ఊరేగింపు చార్మినార్ ముందు నుంచి సాగి నయాపూల్ చేరేసరికి చీకటి పడుతుంది. ముహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు వెళ్లేదీ ఈ వీధుల్లోనే. ఒకే రాతిబాట మీద ఇన్ని నడకలు. చార్మినార్ చుట్టుపక్కల నివసించేవాళ్లకు ఇది సంవత్సర చక్రం. బయటి నుంచి భయంభయంగా చూసేవాళ్లు ఒక్క రాత్రి ఈ జనంలో నడిస్తే పాతబస్తీ గురించి విన్న సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి.

ఇప్పుడు కష్టమైన మాట ఒకటి చెప్పాలి. 2025 మే 18 తెల్లవారి గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచాయి. కింద నగల దుకాణాలు, పైన కాపురం. 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. అందరూ ఒకే కుటుంబం వాళ్లు. లోపలికీ బయటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారి. షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుందని అధికారులు చెప్పారు. దానికి ఐదు రోజుల ముందే ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు అదే చార్మినార్ దగ్గర దీపాల నడుమ నడిచారు, లాడ్ బజార్‌లో గాజులు వేసుకున్నారు, చౌమహల్లా ప్యాలెస్‌లో విందు చేశారు. ఆ సాయంత్రం ఫొటోలు ప్రపంచమంతా చూసింది. కట్టడం మీద వెలుగు పెట్టడం మనకు చేతనవుతోంది. ఆ వెలుగుకు వందడుగుల దూరంలో మనుషులు పడుకునే ఇళ్ల వైరింగ్ సరిచేయడం, మెట్లకు రెండో దారి తీయడం, సందుల్లోకి వెళ్లగల చిన్న ఫైరింజన్లు సిద్ధంగా ఉంచడం ఇంకా బాకీ ఉన్నాయి. పాత నగరాన్ని చూడవచ్చేవాళ్లం కూడా ఈ పనులు అడగాలి. పడుకునేవాళ్లకు భద్రత లేని ఊరిని అందంగా ఉందని మెచ్చుకుని వచ్చేయడం న్యాయం కాదు.

హోయి ఆన్ నుంచి నేర్చుకోవలసింది ఉంది, జాగ్రత్త పడవలసిందీ ఉంది. బండ్లను ఆపి వీధిని నడిచేవాళ్లకు ఇవ్వడం, వెలుతురును కంటికి హాయిగా ఉంచడం, పాత ఇంటిని పాత పద్ధతిలోనే మరమ్మతు చేయడం వాళ్లు చేసి చూపించారు. జపాన్ వంతెనను కూడా విప్పి, బాగుచేసి, 2024లో మళ్లీ తెరిచారు. అయితే యాత్రికులు పెరిగేకొద్దీ అక్కడ పాత ఇళ్లవాళ్లు చాలామంది ఇళ్లను దుకాణాలకు అద్దెకిచ్చి వేరే చోటికి మారిపోయారు. వీధి నిండా జనం ఉంటారు, ఊరివాళ్లు తక్కువ. మన దగ్గర 2021 అక్టోబరు 17న ‘ఏక్ షామ్ చార్మినార్ కే నామ్’ అని ఆదివారం సాయంత్రాలు మొదలుపెట్టినప్పుడు కుటుంబాలు తరలివచ్చాయి. పోలీసు బ్యాండు, దక్కనీ ముషాయిరా, అర్ధరాత్రి దాకా తెరిచి ఉన్న లాడ్ బజార్. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. రేపు లక్షల మంది వస్తారు. రావాలి కూడా. అప్పుడు తోపుడు బండి మీద చిన్నపిల్లల గౌన్లు అమ్మేవాడికి చోటుండాలి. గాజుల కుంపటికి అద్దె కట్టగల గది ఉండాలి. వచ్చే ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. బజారు వెళ్లిపోతే మిగిలేవి నాలుగు మినార్లు మాత్రమే.

మీరు వెళ్లేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని చెబుతాను. కారు తీసుకెళ్లకండి. మెట్రోలోనో బస్సులోనో వెళ్లి, నయాపూల్ నుంచి నడవండి. కాళ్లకు మెత్తటి చెప్పులు వేసుకోండి. పని చేసుకునేవాళ్ల ఫొటో తీయాలంటే ముందు అడగండి. అడిగితే నవ్వుతూ సరేనంటారు. మక్కా మసీదు పని మొదలై పూర్తయ్యేసరికి 1617 నుంచి 1694 దాకా పట్టింది. దాని ముందు నిలబడినప్పుడు నమాజు వేళైతే కాస్త పక్కకు తప్పుకుని దారివ్వండి. పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ దొరుకుతాయి. నిలబడి తాగండి, చుట్టూ ఉన్నవాళ్లతో మాట కలపండి. మీకు ఉర్దూ రాకపోతే వాళ్లు తెలుగులోకి వస్తారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసుకెళ్లండి. వాళ్లు తమ పెళ్లి గాజులు కొన్న దుకాణం ఎక్కడో చెబుతారు. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. తాము చదివిన 1591 పాఠంలోని ఊరిలో మనుషులు ఇవాళ కూడా కాపురం చేస్తున్నారని, గాజులు చేస్తున్నారని, అన్నం వండుకుంటున్నారని వాళ్లకు తెలియాలి.

మన నగరం పుట్టిన చోటు మనింటికి బస్సు దూరంలో ఉంది. అది రాత్రిపూట మేలుకుని ఉంటుంది. ఈ వారమే ఒక సాయంత్రం తీరిక చేసుకుని వెళ్లండి. చేత్తో చేసిన గాజులు ఒక్క జతైనా కొనండి. ఆ వీధి బాగోగుల గురించి ఎక్కడ చర్చ జరిగినా అక్కడివాళ్ల పక్షాన ఒక మాట మాట్లాడండి.